ఉయ్యాల దిగిన రోజు

మనవాళ్ళకి పిల్లలు చేసే ప్రతి పనికీ ఒక పిండివంట ఉంది. బోర్లాపడితే బొబ్బట్లు, నవ్వితే నువ్వుండలు, పలుకులకు చిలకలు, అడుగులకు అరిసెలు. ఉయ్యాల్లో వేసే రోజయితే ఇక చెప్పక్కర్లేదు. మా పాపని 21వ రోజున వేశారు. ముందు పొత్రానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, దాన్ని పడుకోబెట్టి ఊపారు. ఆ తర్వాతే పాపని. పేరంటాళ్ళ పాటలు, శనగలు, జాకెట్టు ముక్కలు, ఫోటోలు. మరి ఉయ్యాల దిగిన రోజుకి ఏమీ లేదేం? ఒక్క అరిసె ముక్కయినా లేదు. పాట లేదు. అసలు ఆ రోజు ఏదో ఎవరికీ గుర్తుండదు కూడా. ఆడవాళ్ళ పాటల మీద ఆరేళ్ళు పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకున్న నాకు ఆ ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఈ ప్రశ్న రాలేదు. మా పాప ఉయ్యాల్లోంచి కింద పడ్డ రోజు రాత్రి వచ్చింది.

ఆ ఉయ్యాల మా అత్తగారిది. పాలకొల్లు దగ్గర పల్లెటూరి నుంచి ట్రావెల్స్ బస్సు మీద ఎక్కి హైదరాబాదు వచ్చింది. టేకు చెక్క, నాలుగు వైపులా గుండ్రటి కమ్మీలు, నాలుగు గొలుసులు. మేం అద్దెకుంటున్న తార్నాక ఇల్లు పాతది కాబట్టి హాల్లో శ్లాబుకి కొక్కెం ఉంది. ఇప్పటి అపార్టుమెంట్లలో అది ఉండదు. బజార్లో స్టీలు స్టాండు ఉయ్యాల కొనుక్కోవాల్సిందే. కొక్కెం నుంచి వేలాడే ఉయ్యాల సుఖమే వేరు. పొడుగాటి గొలుసుల మీద నెమ్మదిగా వెళ్ళి నెమ్మదిగా వస్తుంది. ఒకసారి వెళ్ళి రావడానికి దాదాపు 3 సెకన్లు. నిమిషానికి 20 సార్లు. నేను లెక్కపెట్టాను. ఎందుకంటే ఆ ఉయ్యాల తాడు నా కుడికాలి బొటనవేలికి కట్టి ఉండేది.

నవ్వకండి. నా థీసిస్‌లో చివరి రెండు ఛాప్టర్లూ అలాగే రాశాను. హాల్లో కిటికీ పక్కన టేబుల్, టేబుల్ కింద కాలు, కాలికి తాడు, తాడు చివర పాప. ఒక వాక్యం తట్టక ఆగిపోతే కాలూ ఆగిపోయేది. కాలు ఆగితే పాప కదిలేది. అందుకని వాక్యం తట్టినా తట్టకపోయినా కాలు మాత్రం ఊపుతూనే ఉండాలి. పరిశోధన చేసే అమ్మాయిలకి ప్రసూతికీ పిల్లల పెంపకానికీ కలిపి 240 రోజుల సెలవు ఇవ్వవచ్చని 2016లో యూజీసీ నిబంధనల్లో చేర్చింది. నేనూ తీసుకున్నాను. సెలవు అయిపోయి తిరిగి వెళితే మా గైడు గారు ఎంతో ప్రేమగా, “ఇంకేం పూర్తి చేస్తావులేమ్మా, పిల్లని చూసుకో” అన్నారు. ఆ మాటే నన్ను కూర్చోబెట్టింది. పాపకి పదో నెలలో థీసిస్ ఇచ్చేశాను. ఏడాదిన్నర నిండాక వైవా అయింది. ఇప్పుడొక డిగ్రీ కాలేజీలో గెస్ట్ ఫ్యాకల్టీని. గంటల లెక్కన జీతం, క్లాసు చెప్తేనే డబ్బు. థీసిస్‌ని పుస్తకంగా తిరగరాయడం రాత్రుళ్ళూ ఆదివారాలూ చేసే పని.

రాసుకోవడానికి తాళం వేసుకునే గదీ ఏడాదికి 500 పౌన్లూ కావాలని వర్జీనియా ఊల్ఫ్ 1929లో అడిగింది. ఎం.ఏ.లో ఆ పుస్తకం చదివినప్పుడు మా హాస్టల్ గది తలుపుకున్న గొళ్ళెం వైపు గర్వంగా చూసుకున్నాను. పెళ్ళయి పాప పుట్టాక నాకు గది లేకపోయింది గానీ, నాలుగు గొలుసుల ఉయ్యాల ఒకటి వచ్చింది. చిత్రమేమిటంటే అదే పనిచేసింది. తాళం నా గదికి కాదు, పాపకి. తను అందులో ఉన్నంతసేపూ నేను నేను. ఇంత చేదుగా అప్పట్లో అనుకోలేదు. “ఉయ్యాల బాగా అలవాటయింది, నా అదృష్టం” అని అందరికీ చెప్పుకుని మురిసిపోయేదాన్ని.

థీసిస్‌లో జోలపాటల మీద ఒక ఛాప్టరంతా ఉంది. అందులో నా వాదన ఇది. జోలపాటలో పడుకునే బిడ్డ రాముడో కృష్ణుడో అచ్యుతుడో అవుతాడు. ఊపే చెయ్యి మాత్రం కనిపించదు. ఆ చేతికి నొప్పి పుట్టదు, నిద్ర రాదు, విసుగు రాదు. పదిహేనో శతాబ్దంలో అన్నమాచార్యులు కట్టిన జోలని ఇవాళ్టికీ ప్రతి ఇంట్లో ఆడవాళ్ళే పాడుతున్నారు. పాట కట్టినాయనకి రాత్రి ఎన్నిసార్లు లేవాల్సి వచ్చిందో మనకి తెలీదు. ఇలా సాగుతుంది ఆ ఛాప్టర్. సెమినార్లలో చదివితే బాగా నవ్వేవారు. మాతృత్వాన్ని ఒక అనుభవంగానూ ఒక వ్యవస్థగానూ విడదీసి చూడాలని ఏడ్రియన్ రిచ్ 1976లో రాసిన పుస్తకాన్ని దన్నుగా పెట్టుకుని, జోలపాట ఆ వ్యవస్థ చేతిలో ఒక పనిముట్టు అని తేల్చేశాను.

అదే ఛాప్టర్లో ఊర్మిళ నిద్ర కూడా ఉంది. మన పాటల్లో తనివితీరా నిద్రపోయిన ఆడది ఆవిడొక్కతే. 14 ఏళ్ళు! అయితే ఆ నిద్ర కూడా ఆవిడ సొంతం కాదు, అడవిలో లక్ష్మణుడు మేలుకుని ఉండడానికి సరిపడా ఇక్కడ ఈవిడ పడుకుంది అంటారు పెద్దవాళ్ళు. పాటలో మాత్రం తిరిగొచ్చి లేపిన మొగుణ్ణి గుర్తుపట్టక, పరాయివాడనుకుని గట్టిగా చీవాట్లు పెడుతుంది. “లక్ష్మణదేవర నవ్వు” పాట ఇంకా బావుంటుంది. పట్టాభిషేకం సభలో లక్ష్మణుడు ఉన్నట్టుండి నవ్వుతాడు. 14 ఏళ్ళు తన దగ్గరికి రావద్దని అతను ఒప్పించుకున్న నిద్రాదేవి గడువు తీరగానే ఎదురుగా వచ్చి నిలబడిందని నవ్వుతాడు. సభలో ఉన్న ప్రతివాళ్ళూ తమ లోపం తలుచుకుని తమని చూసే నవ్వాడనుకుంటారు. ఎవరి తప్పు వాళ్ళకి గుర్తొస్తుంది. వెల్చేరు నారాయణరావు గారు 1991లో స్త్రీల రామాయణ పాటల మీద ఇంగ్లీషులో రాసిన వ్యాసం నుంచే నేను ఈ పాటల్ని చదవడం నేర్చుకున్నాను. ఊర్మిళని మరోరకంగా చూడాలంటే ఓల్గా గారి “విముక్త” ఎలాగూ ఉంది. మూసుకున్న తలుపు వెనక ఊర్మిళ ఏం చేసిందో అందులో చదవాలి.

ఎవరి తప్పు వాళ్ళకి గుర్తొస్తుంది అన్నాను కదా. నా తప్పు చెప్తాను.

పాప పడ్డప్పటికి దాని వయసు రెండేళ్ళ మూడు నెలలు. అంతకు నెల్లాళ్ళ ముందు నుంచే ఉయ్యాల్లో లేచి నిలబడుతోంది. రెండు గొలుసులు పట్టుకుని, మునివేళ్ళ మీద లేచి, కమ్మీల మీదకి వంగి “అమ్మా, దిగుతా” అనేది. ఉయ్యాల ఒక పక్కకి ఒరిగేది. నేను చూశాను. ఒక్కసారి కాదు, చాలాసార్లు చూశాను. దింపెయ్యాలని తెలుసు. మంచం మీదకి మార్చాలని తెలుసు. కానీ మంచం మీద పడుకున్న పిల్ల లేచి దిగి నడిచి వస్తుంది. ఉయ్యాల్లో పిల్ల రాలేదు. మూడో ఛాప్టర్ తిరగరాయడం సగంలో ఉంది, పబ్లిషర్‌కి పంపాల్సిన తేదీ దగ్గరికొస్తోంది. ఈ ఒక్క ఛాప్టరూ అయిపోనీ, తర్వాత దింపుతా అనుకున్నాను. ఇదీ నిజం. ఎవరడిగినా ఇంత నిజం చెప్పలేదు, “అంత ఎత్తు పెరిగిందని గమనించుకోలేదండీ” అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం మూడున్నర. పాప పడుకుందని తాడు విప్పేసి, పక్క గదిలో ఉన్న పుస్తకం కోసం లేచాను. దబ్బుమని చప్పుడు. ఆ చప్పుడు రాయడం నాకు చేతకాదు. పై పెదవి చిట్లింది, నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి. ఏడుపు మొదలవడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ ఒక్క క్షణం చాలాకాలం నాతో ఉంటుందనుకుంటాను.

దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు పెదవి చూశాడు, కళ్ళలో లైటు వేసి చూశాడు, వాంతులైతే మళ్ళీ తీసుకురమ్మన్నాడు. తర్వాత తలెత్తి నా వైపు చూసి, “మీరెక్కడున్నారండీ ఆ టైములో?” అని అడిగాడు. పక్క గదిలో అన్నాను. ఏం చేస్తున్నారు? పుస్తకం తీసుకుంటున్నాను. అతను ఇంకేమీ అనలేదు. అనక్కర్లేదు కూడా. రాత్రి తెనాలి నుంచి మా అమ్మ ఫోన్లో, “నువ్వెక్కడ చచ్చావే?” అంది. పాలకొల్లు నుంచి అత్తయ్య, “పిల్లని పెట్టుకుని ఏం రాస్తావమ్మా అంతలా!” అన్నారు. అందరూ అడిగారు. అందరికీ జవాబు చెప్పాను. పడుకోబోయే ముందు గుర్తొచ్చింది. పాప పడ్డప్పుడు పాప తండ్రి అదే హాల్లో, ఉయ్యాలకి నాలుగడుగుల దూరంలో సోఫాలో పడుకుని నిద్రపోతున్నాడు. ఆయన్ని ఒక్కరూ అడగలేదు.

మన రాతల్లో భర్తని “సహచరుడు” అనడం అలవాటు. నేనూ అలాగే రాస్తాను. చెడ్డవాడేం కాదు. పాపని ఎత్తుకుని చెప్పుల్లేకుండా ఆస్పత్రికి పరిగెత్తింది ఆయనే. కానీ ఈ రెండేళ్ళ రాత్రుళ్ళ విషయంలో “సహ” ఎక్కడుందో నాకు కనబడదు, చరించింది నేనే. ఆ రాత్రి అడిగేశాను. “అందరూ నన్నే అడిగారు, నిన్ను ఎవరూ అడగలేదు, గమనించావా?” ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “గమనించలేదు” అన్నాడు. ఆ జవాబు నచ్చింది నాకు. కనీసం నిజం.

మర్నాటి నుంచి సలహాలు. మా అమ్మ, పిల్లని నెల్లాళ్ళు తెనాలి పంపించు, నేను మంచం అలవాటు చేసి పంపిస్తాను అంది. అత్తయ్య, మీ ఇద్దరి మధ్యా వేసుకోండి, పిల్లకి వేరే మంచమేమిటి అన్నారు. డాలస్‌లో ఉన్న నా స్నేహితురాలు మాత్రం ఇదొక సిలబస్ ఉన్న సబ్జెక్టులాగా చెప్పింది. అక్కడ పిల్లలు మొదట్నుంచీ క్రిబ్‌లో విడిగా పడుకోవాలట. ఒక పక్క కిందికి జారే క్రిబ్‌లలో పిల్లలు ఇరుక్కుని చనిపోవడంతో 2011 నుంచి వాటి అమ్మకమే ఆపేశారు. పిల్ల 35 అంగుళాల ఎత్తుకి రాగానే క్రిబ్ మానిపించి మంచం మీదకి మార్చాలని పిల్లల డాక్టర్లు చెప్తారు. 35 అంగుళాలంటే 89 సెంటీమీటర్లు. పాపని గోడకి నిలబెట్టి పెన్సిల్‌తో గీత గీశాను. 88. “చూశావా, ఇంకో సెంటీమీటరుంది” అన్నాను. అది నవ్వలేదు. “మాకిక్కడ పిల్లని వేరే గదిలో పడుకోబెట్టి మేం ఇవతల మానిటర్‌లో చూస్తూ కూర్చుంటామే. నిద్రలేకపోవడం మాత్రం ఒకటే” అంది.

మేం చేసింది ఇది. బూరుగు దూది పరుపు ఒకటి పడగ్గదిలో గోడవారన నేల మీద వేశాం. పడినా దెబ్బ తగలదు. మా మంచం పక్కనే. పది రాత్రులు పాపని నేనే పడుకోబెడతానని ఆయన అన్నాడు. సంతోషించాను. హాల్లో టేబుల్ దగ్గర కూర్చున్నాను. పావుగంట తర్వాత గదిలోంచి గురక వినిపించింది. ఇంకో నిమిషానికి పాప వచ్చి నా కుర్చీ పక్కన నిలబడి, ఎంతో బాధ్యతగా, “నాన్న నిద్దపోయాడు” అని రిపోర్టు ఇచ్చింది. మొదటి రాత్రి 11 సార్లు వచ్చింది. నీళ్ళు. బొమ్మ. కాలు దురద. ఇంకోసారి నీళ్ళు. తొమ్మిదోసారి ఏమీ అడగలేదు, ఊరికే చూడ్డానికి వచ్చింది. నేనెప్పుడూ అలా గమనించలేదు గానీ, పుట్టిన దగ్గర్నుంచీ అది నన్ను కమ్మీల మధ్య నుంచే చూసింది. రాత్రిపూట అమ్మ ఏం చేస్తుందో దగ్గరికొచ్చి చూడ్డం అదే మొదలు. టేబుల్ అంచు పట్టుకుని మునివేళ్ళ మీద లేచి, కాగితాల వైపు చూసి, “ఇదేంటి?” అంది. పుస్తకం అన్నాను. “బొమ్మల్లేవు” అంది.

మూడో ఛాప్టర్ ఆగిపోయింది. పాపకి స్వేచ్ఛ వచ్చింది, నాది పోయింది అని ఒకరాత్రి డైరీలో రాసి, కొట్టేశాను. కొట్టేయడం ఎందుకో కూడా రాయాలి. దాని స్వేచ్ఛకీ నా రాతకీ మధ్య ఆ ఇంట్లో ఇంకో మనిషి పడుకుని ఉన్నాడు. ఆ మనిషిని లెక్కలోంచి తీసేసి, తల్లికీ కూతురికీ మధ్య ఈ పోటీ పెట్టిందెవరు? 2019లో మన దేశంలో చేసిన సమయ వినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి 299 నిమిషాలు పెడితే, చేసే మగవాళ్ళు పెట్టింది 97. ఇంట్లో పిల్లల్నీ పెద్దవాళ్ళనీ చూసుకోవడానికి ఆడవాళ్ళు 134 నిమిషాలు, మగవాళ్ళు 76. ఈ అంకెలు నేను క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో! బొటనవేలితో ఉయ్యాల ఊపుతూ ఫుట్‌నోట్లు సరిచూసుకున్న నా గంటల్ని ఏ గడిలో రాయాలో మాత్రం నాకు తెలీదు. పదకొండో రాత్రి నుంచి ఆయన పరుపు మీద పడుకోకుండా కూర్చుని కథ చెప్పడం మొదలుపెట్టాడు. కూర్చుంటే నిద్ర రాదని ఆయన కనిపెట్టాడు! మేం ఆ సంగతి ఎప్పుడో కనిపెట్టాం నాయనా అందామనుకుని ఊరుకున్నాను.

మా ఇంట్లో పనిచేసే ఆమెది నాగర్‌కర్నూలు వైపు. హాల్లో ఖాళీ ఉయ్యాల చూసి, మీ పిల్లలు ఎన్నేళ్ళకి ఉయ్యాల దిగారు అని అడిగితే పడీ పడీ నవ్వింది. మాదాపూర్‌లో పెద్ద బిల్డింగులు కట్టేటప్పుడు మొగుడూ పెళ్ళాలు అడ్డా కూలికి వచ్చినవాళ్ళు. సెంట్రింగు కర్రలకి చీర కట్టి అందులో కొడుకుని వేసి, తను ఇసక మోసేదట. “ఉయ్యాల దిగిండనేదే లేదక్కా. చీర పిగిలింది, కింద వన్నడు. గట్లనే లేశి నడిశిండు” అంది. ఏ వయసులో? గుర్తులేదంది. ఆమె కొడుకు పడ్డప్పుడు ఎవరైనా నువ్వెక్కడున్నావని అడిగారా అని అడగబోయి ఆగాను. మూడో అంతస్తులో తట్ట నెత్తిన పెట్టుకుని ఉంది కదా, అడిగి ఉంటే అడిగే ఉంటారు.

నెల తర్వాత అత్తయ్య వచ్చారు. పాప పెదవి మీద మచ్చ చూసుకున్నారు, పరుపు చూశారు, పక్కన గోడకి ఆనించిన దిండ్లు చూశారు, బానే ఉందన్నారు. హాల్లో ఉయ్యాల ఇంకా కొక్కేనికే వేలాడుతోంది. అందులో ఇస్త్రీకి ఇవ్వాల్సిన బట్టలు పడేస్తున్నాం. నేను దింపేద్దామండీ అంటే, “ఎందుకమ్మాయ్, ఉండనీ. తమ్ముడొస్తాడుగా” అన్నారు.

ఇదెలాగూ వస్తుందని నాకు తెలుసు. రెండేళ్ళుగా జవాబు తయారు చేసుకుని ఉన్నాను. ఒక్కతే చాలని మేమిద్దరం అనుకున్నామనీ, అది నా శరీరమనీ, నా ఉద్యోగానికి ప్రసూతి సెలవు కూడా లేదనీ, తమ్ముడే వస్తాడని ఎవరు చెప్పారనీ. అన్నీ చెప్పాను. కాస్త గట్టిగానే చెప్పాను. మర్యాద తప్పలేదు గానీ క్లాసులో పాఠం చెప్తున్నట్టే చెప్పాను. ఆవిడ విన్నారు. ఏమీ అనకుండా చిక్కుళ్ళు ఒలుచుకోవడం మొదలుపెట్టారు.

ఆ రాత్రి పదకొండు దాటాక నేను రాసుకుంటుంటే వచ్చి కుర్చీలో కూర్చున్నారు. కాసేపు ఉయ్యాల వైపు చూశారు. నేను పొరపాటున కాలితో దాన్ని ఊపుతున్నాను, పాత అలవాటు. లేచి వచ్చి చేత్తో ఆపేశారు.

“ఖాళీ ఉయ్యాల ఊపకూడదమ్మా.”

అదొక నమ్మకం కదండీ అన్నాను. ఆవిడ ఆ మాట విననట్టే చెప్పుకుంటూ పోయారు. “ఇందులో నలుగురిని వేశాను. ముగ్గురు దిగారు.”

నలుగురని నాకు తెలీదు. ఆయన ఎప్పుడో చిన్నప్పుడే పోయిన ఒక అక్క ఉందని ఒకటి రెండుసార్లు అన్నాడంతే. దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటేడు, అంటే 1978లో, ఆ పాపకి ఎనిమిదో నెల. విరేచనాలు పట్టుకున్నాయి. మూడు రోజులు. నీళ్ళు పడితే ఇంకా ఎక్కువవుతాయని పెద్దవాళ్ళు పట్టనివ్వలేదు. “నాలిక బయటపెట్టి అడిగేది. మాటలు రాలేదుగా, నాలికతో అడిగేది. నేను ఊపుతూ కూర్చున్నాను. ఇంకేం చెయ్యనిస్తారు? ఊపడం నా పని, ఊపాను.” నాలుగో రోజు తెల్లవారుజామున ఉయ్యాల ఊగుతూనే ఉంది, పిల్ల లేదు. తర్వాత చాలా రోజులు నిద్రలో లేచి వెళ్ళి ఖాళీ ఉయ్యాల ఊపేవారట. వాళ్ళత్తగారు చేతి మీద కొట్టి చెప్పారట, ఖాళీ ఉయ్యాల ఊపకూడదని.

నేను కాగితాల మీద మూత పెట్టిన పెన్ను అలాగే పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు, ఏమనాలో తెలీక, ఆ అరిసెల ప్రశ్న అడిగాను. ఉయ్యాల్లో వేసినప్పుడు అంత పండగ చేస్తారు, దిగినప్పుడు ఏమీ చెయ్యరేమండీ అని.

ఆవిడ నన్ను జాలిగా చూశారు. ఇన్ని చదివి ఇది తెలీదా అన్నట్టు. “దిగిందని పైకి అనుకుంటామా ఎక్కడైనా? ఎవరో విన్నట్టు! గుట్టుగా దింపేసుకుంటాం. ఒకరోజు పడుకోబెట్టం, అంతే. తిథీ వారం కూడా చూసుకోం.”

ఆవిడ వెళ్ళి పడుకున్నాక థీసిస్ తెరిచి జోలపాటల ఛాప్టర్ తీశాను. బిడ్డని దేవుడి పేరుతో పిలవడాన్ని “పురాణీకరణ” అన్నాను నేను. తల్లి శ్రమని కనబడకుండా చేసే ఎత్తుగడ అన్నాను. అది తప్పని ఇప్పటికీ అనుకోను. ఊపే చెయ్యి ఆ పాటల్లో నిజంగానే కనబడదు. కానీ మొత్తం ఛాప్టర్లో, 60 పేజీల్లో, భయం అన్న మాట ఒక్కచోట కూడా లేదు. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 129 మంది ఏడాది నిండకుండా పోయేవారు. 2020 నాటికి 28. ఈ అంకె నాకు తెలీనిదా? తెలుసు. జనాభా పాఠంలోదిగా తెలుసు, పాటలోదిగా తెలీదు. ఆ పాటలు పాడిన వాళ్ళలో వేసిన వాళ్ళనందర్నీ దింపుకున్న తల్లులెందరు? చావులేని దేవుడి పేరు పెట్టి అర్ధరాత్రి ఒక పిల్లని పిలిచే మనిషి గొంతులో ఏముందో నేను వినలేదు. క్షేత్ర పరిశోధనకని మూడు జిల్లాలు తిరిగి 40 మంది ఆడవాళ్ళ చేత పాడించుకుని రికార్డు చేశాను. పాడమన్నాను. ఏ పిల్లకి పాడారమ్మా అని ఒక్కరినైనా అడగలేదు. మా అత్తయ్య కూడా ఆ 40 మందిలో ఒకరు. ఆవిడ పాట పక్కన ఊరి పేరు, కులం, వయసు, రికార్డు చేసిన తేదీ రాసుకున్నాను.

రెండు రోజుల తర్వాత ఆవిడే ఉయ్యాల దింపించారు. తమ్ముడి మాట మళ్ళీ ఎత్తలేదు. నా ఉపన్యాసం పనిచేసిందని అనుకోను, వదిలేశారంతే. ఆయన స్టూలెక్కి గొలుసులు తీస్తుంటే కింద పట్టుకుని నిలబడ్డారు. తడిగుడ్డతో కమ్మీలన్నీ ఒక్కొక్కటే తుడిచారు. ఊరికి పట్టుకెళ్ళి అటక మీద పెడతానన్నారు. మరి అటక మీదైనా ఖాళీగానే కదా అని నేనంటే, బియ్యం డబ్బా దగ్గరికెళ్ళి ఐదు కిలోల సంచీ ఒకటి కట్టుకొచ్చి అందులో పెట్టారు. బస్సు వాడు బియ్యానికి కూడా లగేజీ చార్జీ వేశాడని ఊరు చేరాక ఫోన్ చేసి తిట్టారు.

పాప మర్నాడు పొద్దున హాల్లోకొచ్చి, తలెత్తి కొక్కెం వైపు చూసి, “ఉయ్యాలేది?” అంది. ఊరెళ్ళింది అన్నాను. “నాన్నమ్మతోనా?” నాన్నమ్మతోనే. సరే అనుకుని పాలు తాగడానికి వెళ్ళిపోయింది. అంత సులువుగా ఎలా ఒప్పుకుందో!

రాత్రుళ్ళు ఇప్పటికీ వస్తుంది, 11 సార్లు కాదు గానీ రెండు మూడు సార్లు. ఆయన కథ సగంలో పడుకుని, పన్నెండింటికి లేచి వస్తుంది. నిన్న రాత్రి దిండు ఈడ్చుకుంటూ వచ్చి నా టేబుల్ కింద దూరింది. ఏం చేస్తున్నావే అంటే మాట్లాడలేదు. చల్లగా ఏదో తగిలితే వంగి చూశాను. గచ్చు మీద పడుకుని, నా కుడికాలి బొటనవేలు పిడికిట్లో పట్టుకుని కళ్ళు మూసుకుంది. కాలు కదిపితే లేస్తుంది. ఆయన్ని పిలిచాను, రెండోసారికి వచ్చాడు. ఎత్తుకోబోతే పిడికిలి ఇంకా బిగించింది. దుప్పటి తెచ్చి కప్పి, తనూ పక్కన గచ్చు మీద కూర్చున్నాడు. రెండింటిదాకా కాలు కదపకుండా రాసుకున్నాను. అరపేజీ అయింది.